పదిహేడు ఒకట్లు

ఆదోనిలో కోట కొండ కిందికి పోయే బాటలో, ఎత్తు అరుగున్న ఇంట్లో శ్రీపాదరావు కాపురముండేవాడు. హైస్కూల్లో లెక్కల అయ్యవారు. వాళ్ళది మంత్రాలయంలో దేవుడి సేవ చేసుకుని బతికిన వంశం. అన్నదమ్ములంతా స్తోత్రాలు వల్లె వేసే వయసులో ఈయన ఎక్కాలు వల్లె వేశాడు. యాభై ఏళ్ళు దాటేసరికి ఊళ్ళో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళే లేకపోయారు. బజారులో పత్తి బేళ్ళు మోసేవాణ్ణి అడిగినా "ఒకట్ల అయ్యవారి ఇల్లా?" అని చెయ్యి చూపించేవాడు.

ఆ పేరు రావడానికి కారణముంది. పక్కపక్కనే పదిహేడు ఒకట్లు రాస్తే ఒక పెద్ద సంఖ్య వస్తుంది కదా, దాని వెంట ఆయన ఇరవై ఏళ్ళు పడ్డాడు. ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ తెగని సంఖ్యలు కొన్ని ఉంటాయి. ఏడు, పదమూడు అట్లాంటివి. వాటినే ప్రధాన సంఖ్యలంటారు. చిన్నవైతే చిటికెలో తేల్చవచ్చు. పదిహేడంకెల సంఖ్యను తేల్చడం మామూలు పని కాదు. అయితే దాన్ని అన్ని సంఖ్యలతోనూ భాగించి చూడనక్కరలేదని శ్రీపాదరావు చిన్నతనంలోనే పట్టుకున్నాడు. దాన్ని తెగ్గొట్టే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, ముప్పై నాలుగుతో భాగించినప్పుడు దానికి ఒకటే మిగలాలి. అట్లాంటివి ఏరుకున్నాడు. నూట మూడు, నూట ముప్పై ఏడు, రెండు వందల ముప్పై తొమ్మిది... ఒక్కొక్కదానితో భాగించి, శేషం రాసుకుని, పుస్తకాలకు పుస్తకాలు నింపుకుంటూ ఇరవై లక్షల దాకా వచ్చాడు. ఒక్కచోట కూడా శేషం సున్నా రాలేదు.

అక్కడ ఆగాడు. కళ్ళు మసకబారాయి, ఓపిక అయిపోయింది. ఇంక ఆపైన వెతకాల్సిన పని లేదని నాలుగు పేజీల నిరూపణ ఒకటి రాసుకున్నాడు. మూడో పేజీలో ఒక మెట్టు మీది నుంచి ఇంకో మెట్టుకు దూకిన చోట కింద ఏ ఆధారమూ లేదని ఆయనకొక్కడికే తెలుసు. తెలిసీ ఆ సంఖ్యకు 'అఖండం' అని పేరు పెట్టాడు. అది తెగదని బడిలో చెప్పాడు, బజారులో చెప్పాడు. చెప్పగా చెప్పగా తనూ నమ్మాడు.

పంతొమ్మిది వందల యాభై నాలుగు మార్చిలో బడి వార్షికోత్సవం పెట్టుకున్నారు. కర్నూలు నుంచి పెద్ద అధికారి వస్తాడు. అయ్యవారికి శాలువా కప్పుతారు. అఖండం మీద ఆయన రాసిన చిన్న పుస్తకం ఆ వేదిక మీదే బయటికి వస్తుంది. దాని చేతిరాత ప్రతి ఒకటి మద్రాసులో ఒక గణితాచార్యుడికి కూడా పంపించాడు.

సభ ఇంకా రెండు వారాలుందనగా, ఆదివారం పొద్దెక్కిన వేళ యేసేపు వచ్చాడు.

యేసేపుది కౌతాళం పక్క పల్లె. తల్లి ఏసమ్మ కూలికి పోయి చదివించింది. హైస్కూల్లో వెనక బెంచీలో కూర్చుని శ్రీపాదరావు దగ్గరే లెక్కలు నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఎమ్మిగనూరులో చిన్న మిషను బడిలో మాస్టరు. ఆ రోజు తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో మడిచిన కాగితం పట్టుకుని, అరుగు కింద నిలబడ్డాడు.

దాహంగా ఉందంటే శ్రీపాదరావు భార్య కృష్ణాబాయి చెంబు తెచ్చింది. అతను వంగి దోసిలి పట్టాడు. ఆమె అరుగు మీది నుంచే, చెంబు తగలకుండా, ఎత్తి పోసింది. ఎప్పుడూ జరిగేదే. అతనూ తాగి మూతి తుడుచుకున్నాడు.

"ఏరా, ఇంత ఎండలో వచ్చినావు?" అన్నాడు శ్రీపాదరావు.

"మీతో ఒక మాటుండాదయ్యా. లెక్క సంగతి."

"అయితే నడువు. కొండ మీదికి పోతూ మాట్లాడుకుందాం."

ఆదివారాలు కొండెక్కడం ఆయనకు అలవాటు. కొండ వెనక రాళ్ళు కొట్టే పెద్ద గుంత ఒకటుంది. పని వదిలేసి ఏళ్ళయింది. వాన నీళ్ళు చేరి పచ్చగా పాచి పట్టింది. దాని ఒడ్డున పెద్ద రాతిగుండు నీడలో ఇద్దరూ కూర్చున్నారు. కింద ఊళ్ళో పత్తి గింజలు తీసే జిన్ను మిల్లులు ఆ రోజు ఆగి ఉన్నాయి. గాలి లేదు. రాళ్ళ నుంచి వేడి పైకి లేస్తూ ఉంది.

యేసేపు కాగితం విప్పి ఇచ్చాడు. అందులో ఒకే ఒక గుణకారం ఉంది. ఇరవై లక్షల డెబ్బై ఒక్క వేల ఏడు వందల ఇరవై మూడును ఇంకో పదంకెల సంఖ్యతో గుణించాడు. కింద గీత. గీత కింద ఒకట్లు.

శ్రీపాదరావు జేబులోంచి పెన్సిలు తీసి తనే మళ్ళీ చేశాడు. అరగంట పట్టింది. ఒకట్లు కుడి నుంచి ఒక్కొక్కటే దిగాయి. పదిహేడూ దిగాయి.

"క్రిస్మస్ సెలవుల్లో మొదలు పెట్టినానయ్యా," అన్నాడు యేసేపు మెల్లగా. "మీరు యాడ నిలిపినారో ఆణ్ణుంచే పట్టుకున్నాను. మీరు ఇరవై లక్షల కాడ నిలిపినారు. ఇంగ మున్నూరు భాగారాలు చేసింటే మీ చేతికే చిక్కేది."

శ్రీపాదరావు కాగితాన్ని ఇద్దరి మధ్యా నేల మీద పెట్టాడు.

"పుస్తకం అచ్చయిపోతాదేమోనని పరిగెత్తుకొచ్చినాను. సభలో ఎవరన్నా తప్పు పడితే మీకు తలవంపులు గదయ్యా. మీరే కనుక్కున్నారని చెప్పండి. నా పేరు వద్దు."

"ఎవరికైనా చూపించినావా?"

"లేదయ్యా. మీరు చూడకుండా ఎవరికి చూపిస్తాను?"

ఆ మాట అన్నప్పుడు యేసేపు కళ్ళల్లో జాలి కనబడింది. దోసిలి పట్టి నీళ్ళు తాగినవాడు తన మీద జాలి పడుతున్నాడు. శ్రీపాదరావు చెవుల్లో హోరు మొదలైంది. చెయ్యి దానంతటదే పక్కకు పోయింది. ఉలి దెబ్బలు తిని అంచులు తేలిన నల్లరాయి చేతికి తగిలింది.

మొదటి దెబ్బ చెవి పైన పడింది. యేసేపు పక్కకు ఒరిగాడు. కేక పెట్టలేదు. నెత్తురు కాగితం మీద పడకుండా దాన్ని ఎడమ చేత్తో అవతలికి జరిపాడు. అంత దెబ్బలోనూ ఆ పనే చేశాడు. "అయ్యా... ఎందుకయ్యా..." అని లేవబోయాడు. రెండో దెబ్బకు ముఖం నేలకు తగిలింది. ఆ తరవాత శ్రీపాదరావు మోకాళ్ళ మీద కూర్చుని కొట్టాడు. పచ్చి కొబ్బరి చిప్ప పగిలినట్టు ఒక చప్పుడైంది. దాని తరవాత ఇంకా మెత్తటి చప్పుళ్ళు. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టాడు. జన్మంతా లెక్కలు పెట్టిన మనిషి ఆ దెబ్బలు లెక్కపెట్టలేదు.

పైపంచెలో ఆ రాయినీ పక్కనున్న ఇంకో రెండు బరువైన రాళ్ళనూ మూటగట్టి, శవం నడుముకు బిగించి, గుంతలోకి తోశాడు. పాచి విడిపోయి మళ్ళీ కలుసుకుంది. కాగితాన్ని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కే నమిలి మింగాడు. పంచె పిండుకుని, ఆరబెట్టుకుని, పొద్దు వాలే ముందు ఇంటికి వచ్చాడు.

"ఆ అబ్బాయేడీ?" అంది కృష్ణాబాయి.

"ఎమ్మిగనూరు బస్సెక్కినాడు," అన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసరికి కృష్ణాబాయి గడపలో కూర్చుని ఉంది. పక్కన ఖాళీ బిందె. ముఖం పాలిపోయి ఉంది.

"ఆ అబ్బాయి మళ్ళీ వచ్చాడండీ. తల వంచుకుని అరుగు కింద కూర్చున్నాడు. నీళ్ళన్నాడు. చెంబు పోశాను. దోసిలి తీయలేదు. ఇంకో చెంబు పోశాను. ఇంకోటి. బిందె తెచ్చి వంచాను. బిందెడు నీళ్ళూ ఆ దోసిట్లోకే పోయాయి. తాగినట్టూ లేదు... చుక్క కింద పడలేదు. చూడండి, నేల పొడిగా ఉంది."

శ్రీపాదరావు చూశాడు. మట్టి పొడిగానే ఉంది.

"తల ఎత్తమన్నాను," అంది ఆమె గొంతు తగ్గించి. "ఎత్తలేదు. నడినెత్తి కనబడింది. అక్కడ... అక్కడ తల లేదండీ. గుంత ఉంది. దాంట్లో పచ్చగా పాచి..."

ఆమె బిందెను పక్కకు జరిపి లేచింది. తరవాత ఆమె అడిగింది. "ఆదివారం మీ పైపంచె ఏమైంది?"

ఆయన కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. మరుసటి పొద్దున ఆమె బట్టలు మూటగట్టుకుని మంత్రాలయం బస్సెక్కి పోయింది. పోతూ ఆయన ముఖం చూడలేదు.

ఆ పగలే బడి గేటు దగ్గర ఏసమ్మ కనబడింది. నల్లగా, బక్కగా, కాళ్ళ నిండా దుమ్ముతో. పల్లె నుంచి నడిచి వచ్చినట్టుంది.

"సామీ, నా కొడుకు నీ కాడికి పోతాండానని సెప్పినాడు. మాపటికి వచ్చి తింటానన్యాడు. సంగటి సేసి పెట్టుకొని కూసున్యా. రాల్యా."

"నా దగ్గరికి రాలేదమ్మా. తిన్నగా ఎమ్మిగనూరు పోయింటాడు, బడి ఉంది కదా."

"అంతేనంటావా?"

"అంతే."

ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, వచ్చిన దారినే పోయింది. చదువుకున్న మనిషి మాట. నమ్మింది.

అప్పటి నుంచి ఇంట్లో పాచి వాసన మొదలైంది. ఎండ నిలువునా కాసే వేళ, ఊరంతా తలుపులు మూసుకుని పడుకున్న వేళ, పక్క గదిలో ఎవరో గొణుక్కుంటూ లెక్క చేస్తున్నట్టు వినబడేది. పోయి చూస్తే ఎవరూ ఉండరు. బీరువాలోని లెక్కల పుస్తకాలు మాత్రం తడిసి ఉండేవి. రోజుకొకటి. మొదటి పుస్తకంతో మొదలై వరసగా... కొండ దిగి వచ్చిన పన్నెండో రోజుకు ఆఖరి పుస్తకం, ఇరవై లక్షల పేజీ దాకా తడిసింది. ఆ పేజీ తరవాత ఖాళీ కాగితాలు. అవి కూడా తడిసి ఉన్నాయి.

ఆ రోజే మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆచార్యుడు అయిదు వాక్యాలే రాశాడు. మీ శ్రమ మెచ్చదగింది. అయితే ఈ సంఖ్య రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమని మనం పుట్టకముందే పండితులకు తెలుసు. చిన్నది 2071723. మీ నిరూపణ మూడో పేజీలో పొరపాటుంది. దయచేసి అచ్చు వేయించకండి.

శ్రీపాదరావు పొయ్యి ముందు కూలబడ్డాడు. ఎక్కడో సముద్రాల అవతల ఎవరి పుస్తకాల్లోనో ఎప్పటి నుంచో ఉన్న సంగతి. దాన్ని చెప్పినందుకు యేసేపును చంపాడు. ఆదోనిలో ఎవరికి తెలుసు? వచ్చే అధికారికి తెలుసా? ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టాడు. అచ్చాఫీసు నుంచి వచ్చిన పుస్తకాల కట్టలు గోడవారగా పేర్చే ఉన్నాయి. రేపు శనివారం, ఎల్లుండి సభ. సభ జరగాలనే తీర్మానించుకున్నాడు.

శనివారం ఒంటిపూట బడి. పిల్లలు పోయాక, మూడు గంటలప్పుడు, సభ జరిగే పెద్ద హాలు తెరిపించుకున్నాడు. గోడకు గోడంత నల్లబల్ల ఉందక్కడ. రేపు అందరికీ కనబడేట్టు అఖండాన్ని పెద్దంకెల్లో తనే రాసి పెట్టాలనుకున్నాడు. అటెండరు లక్ష్మప్ప కుర్చీలు సర్ది, "దీపం పెట్టే వేళకొచ్చి తాళమేస్తా అయ్యవారూ," అని పోయాడు.

హాలు చల్లగా ఉంది. కిటికీల్లోంచి ఎండ పలకలు పలకలుగా నేల మీద పడి ఉంది. దూరంగా మిల్లు ఆడుతున్న హోరు. పత్తి గింజల వాసన. శ్రీపాదరావు సుద్దముక్క తీసుకుని ఒకట్లు వేయడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... పదిహేడు. వెనక్కి జరిగి చూసుకున్నాడు. బాగున్నాయి.

మిల్లు హోరు ఆగిపోయింది.

వెనక తలుపు మూసుకుంది. గడియ పడింది. తరవాత... తడి కాళ్ళ నడక. చప్... చప్... చప్. తొందర లేకుండా, కుర్చీల వరసల మధ్య నుంచి. పాచి వాసన ముందు వచ్చింది. దాని వెనకే ఇంకో వాసన, ఎండలో కుళ్ళిన మాంసం వాసన.

తల తిప్పబోయాడు. మెడ మీద ఒక చెయ్యి పడింది. చల్లగా, మెత్తగా, నీళ్ళు కారుతూ. ఆ చెయ్యి ఆయన తలను బల్ల వైపే నిలిపి పట్టింది. ఇంకో చెయ్యి ఆయన ఎడమ చేతిని అందుకుంది. పెద్దవాళ్ళను రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు, మర్యాదగా.

"భాగించండయ్యా," అన్నది చెవి దగ్గర ఒక గొంతు. గొంతులో నీళ్ళు కదిలాయి. "భాజకం మీకు తెలుసు గదా."

కుడి చెయ్యి లేచింది. ఆయన లేపలేదు. ఎడమ పక్కన 2071723 అని రాసింది.

"ఎన్నిసార్లు పోతాదయ్యా?"

"అయిదు..." అన్నాడు శ్రీపాదరావు. అయిదు వేశాడు. కింద తీసివేత రాశాడు. శేషం రాశాడు.

ఎడమ చిటికెన వేలు వెనక్కి విరిగింది.

ఎండు పుల్ల విరిచినట్టు చప్పుడు. ఆయన కేక హాలంతా తిరిగి వచ్చింది. బయట ఎవరూ పలకలేదు.

"ఒకటి దించండి."

ఏడుస్తూ ఒకటి దించాడు. మూడు సార్లు పోతుంది. మూడు వేశాడు. ఉంగరపు వేలు విరిగింది.

అప్పుడు అర్థమైంది. భాగఫలానికి పదంకెలు. చేతులకు పది వేళ్ళు.

"వద్దురా... యేసేపూ... నీ పేరే చెప్తాను. రేపు సభలో..."

"ఒకటి దించండయ్యా."

ఆరు రావాల్సిన చోట ఉపాయం తోచి అయిదు వేశాడు. లెక్క చెడిపోతే ఆగుతుందేమోనని. మెడ మీది చెయ్యి ఆయన తలను వెనక్కి లాగి బల్లకేసి కొట్టింది. ఒకసారి. ఇంకోసారి. నుదురు చిట్లి కళ్ళల్లోకి నెత్తురు దిగింది. ఆ చెయ్యే ఆయన చెంపను బల్లకు ఆనించి అయిదును రుద్దించింది, డస్టరుతో తుడిచినట్టు.

"తప్పొచ్చిందయ్యా. మళ్ళీ చేయండి," అన్నది గొంతు. కోపం లేదు. బడిలో శ్రీపాదరావు మాట్లాడినట్టే ఉంది.

ఆరు. నడిమి వేలు. మూడు. చూపుడు వేలు. రెండు. బొటనవేలు... అది ఒక్కసారికి విరగలేదు. మెలి తిప్పింది. ఎముక తోలు చీల్చుకుని తెల్లగా బయటికి వచ్చింది. శ్రీపాదరావు పడిపోతే చంకల కింద పట్టుకుని మళ్ళీ నిలబెట్టింది. వీపుకు ఒక చొక్కా అంటుకుంది. దాని కింద ఛాతీ కదలడం లేదు.

కిటికీ ఎండ నేల మీది నుంచి గోడ మీదికి పాకింది. ఎర్రబడింది.

మళ్ళీ రెండు. కుడి చిటికెన వేలు. మళ్ళీ రెండు. దాని పక్క వేలు. మూడు. నడిమి వేలు. సుద్దముక్క చూపుడు వేలుకూ బొటనవేలుకూ మధ్య నిలిచింది. అయిదు. చూపుడు వేలు విరిగింది. సుద్ద కిందపడింది.

నీటి చుక్కలు నేల మీద పడే చప్పుడు ఒక్కటే.

తడి వేళ్ళు ఆయన దవడ పట్టుకుని నోరు తెరిచాయి. సుద్దముక్కను పళ్ళ మధ్య పెట్టాయి.

"ఆఖరిదయ్యా. ఒకటి దించండి."

తలను బల్లకు చేర్చి నోటితో రాశాడు. నెత్తురూ ఉమ్మీ కలిసి అంకెల మీద కారాయి. ఏడు సార్లు. కింద ఏడు రెట్లు వేశాడు. పైది ఏదో కిందిదీ అదే. తీసివేస్తే...

"ఎంత మిగిలిందయ్యా?"

శ్రీపాదరావు నోట్లోని సుద్దతో సున్నా చుట్టాడు. చుట్టాక కుడి బొటనవేలు విరిగింది. మెడ మీది చెయ్యి తొలగింది.

దీపాలు పెట్టే వేళ లక్ష్మప్ప వచ్చి తలుపు తోస్తే సులువుగానే తెరుచుకుంది. గడియ పడి లేదు. అయ్యవారు బల్ల కింద పడి ఉన్నాడు. పది వేళ్ళూ పది దిక్కులకు తిరిగి ఉన్నాయి. బల్ల నిండా లెక్క. హాలు గడప నుంచి బల్ల దాకా నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి.

ఆస్పత్రిలో తెలివి రాగానే శ్రీపాదరావు మొదట అన్న మాట, "రాళ్ళ గుంతలో ఉన్నాడు," అని. హెడ్ కానిస్టేబులు మద్దయ్య మంచం పక్కన కూర్చుని అంతా రాసుకున్నాడు. శ్రీపాదరావు ఏమీ దాచలేదు. జాలి పడ్డ కళ్ళ సంగతీ, నమిలి మింగిన కాగితం సంగతీ కూడా చెప్పాడు. మరునాడు ఈతగాళ్ళను దింపి శవాన్ని తీశారు. నడుముకు పైపంచె, అందులో రాళ్ళు. రెండు వారాలు నీళ్ళల్లో నానిన శవం. ముఖం గుర్తు పట్టేట్టు లేదు. ఏసమ్మ కాళ్ళు చూసి గుర్తు పట్టింది. సభ జరగలేదు. పుస్తకాల కట్టలు పోలీసులు తీసుకుపోయారు.

కొడుకును పల్లెలో పూడ్చిపెట్టి, ఆమె ఆస్పత్రికి వచ్చింది. తిడుతుందనుకున్నాడు. కొడుతుందనుకున్నాడు. ఆమె మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఆయన కట్లను చూసింది.

"నా కొడుకు నిన్ను ఒక్క మాట అననిచ్చేవాడు గాదు సామీ," అంది. "నేను ఏమన్నా అంటే అన్నం మీదనుంచి లేసిపోయేటోడు."

అంతే అని వెళ్ళిపోయింది. శ్రీపాదరావు గోడ వైపు తిరిగి పడుకుని, చేతులతో ముఖం మూసుకోను కూడా వేళ్ళు కదలక, ఏడ్చాడు. శిక్ష అనుభవించడానికి సిద్ధపడ్డాడు. ఉరి అయినా సరే అనుకున్నాడు. ఆ రాత్రి చాలా రోజుల తరవాత నిద్రపట్టింది.

రెండు రోజులు గడిచాక మద్దయ్య మళ్ళీ వచ్చాడు. ఎండన పడి వచ్చాడు కాబోలు, చెమటలు కారుతున్నాయి. చంకలో గుడ్డ చుట్టిన వస్తువేదో ఉంది. కుర్చీలో కూర్చుని రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఎమ్మిగనూరు పోయొచ్చినాను," అన్నాడు. "ఆ పిల్లోడు బడికి రాకుండా ఎన్ని దినాలయిందో రాసుకుందామని. అయ్యవారూ, మీరు వాణ్ణి కొట్టింది ఆ ఆదివారమే గదా? నిజం చెప్పండి."

"ఆదివారమే."

"ఆడ హాజరు పుస్తకంలో సోమవారం నుంచి దినామూ సంతకముండాది. హెడ్మాస్టరు సూసినానంటాడు. పిల్లోళ్ళనడిగితే, సారు దినామూ వచ్చినాడు, లెక్కలు చెప్పినాడు అంటారు. బోర్డు తట్టు తిరుక్కొని చెప్పినాడంట. ఒక్క దినం గూడా మొగం ఇట్ల తిప్పలేదంట."

శ్రీపాదరావు మోచేతుల మీద లేచాడు. "శవం దొరికినాక... ఆగిపోయింటాడు," అన్నాడు.

మద్దయ్య తల అడ్డంగా ఊపాడు. "నేను పోయింది నిన్న. నిన్న పొద్దున గూడా వచ్చినాడంట. ఇది ఇచ్చి పోయినాడంట, ఆదోని అయ్యవారికి ఇయ్యమని."

గుడ్డ విప్పి ఒక రాతపలకను మంచం మీద పెట్టాడు. పలక మీద ఒక వరసలో ఒకట్లు. పెద్దగా, పొందికగా. శ్రీపాదరావు పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. పదిహేడు కాదు. మళ్ళీ లెక్కపెట్టాడు. పంతొమ్మిది. ఆయన ఎన్నడూ ముట్టని కొత్త లెక్క.

భాజకం రాయాల్సిన చోట అంకె లేదు. ఒక తడి వేలిముద్ర ఉంది. మద్దయ్య తన రుమాలుతో దాన్ని తుడిచాడు. పలక ఆరింది... మళ్ళీ తడిసింది.